మాట తడబడే పెద్దలు – మెదడు విద్యుత్తు చెప్పే సంగతులు

(నారాయణపేటలో జరిగిన మన సొసైటీ వార్షిక సమావేశంలో ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



అల్లాహ్ దయవల్ల ఈ ఏడాది కూడా మనమందరం ఒకచోట కూర్చోగలిగాము. పిల్లల ఫీజులు, వితంతువుల రేషను, ఆసుపత్రి ఖర్చుల లెక్కలు కార్యదర్శిగారు ఇప్పటికే మీ ముందు పెట్టారు. మేము మాట్లాడేది ఒకే ఒక సంగతి. మీలో కొందరు దాతలు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "మన ఊళ్ళో ముసలివాళ్ళకు మతి తప్పుతున్నది, మాట పోతున్నది. మెదడులో కరెంటు కొలిచే మిషను ఉంటుందట. సొసైటీ తరఫున అది కొనిపెడదామా?" అని. అడిగింది మంచి మనసుతో. కాబట్టి జవాబు కూడా పూర్తిగా చెప్పడం మా బాధ్యత. ఆ మిషను ఏమి చేస్తుందో, ఏమి చేయలేదో, మీ డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ మందికి మేలో ఈ రోజు విన్నవించుకుంటాము.

ముందు ఒక ఇంటి సంగతి. పేరు చెప్పము, మొహల్లా చెప్పము. ఆయన దర్జీ. నలభై ఏళ్ళు మిషను తొక్కిన మనిషి. ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు, గుర్మిట్కల్, యాద్గిర్ నుంచి వచ్చే గిరాకీలతో కన్నడ. మూడు భాషల్లోనూ బేరం చేసేవాడు, మూడింటిలోనూ నవ్వించేవాడు. రెండేళ్ళ కింద మాట తగ్గడం మొదలైంది. కత్తెర చేతిలోనే ఉంటుంది, బట్ట సరిగ్గానే కోస్తాడు. కానీ "కైంచీ ఇయ్యి" అనడానికి మాట రాదు. "అదీ... అదే... కోసేది" అంటాడు. తర్వాత మనవళ్ళ పేర్లు తారుమారయ్యాయి. ఆ తర్వాత అసలు మాట్లాడటమే మానేశాడు.

ఇంట్లోవాళ్ళకు వింతగా తోచింది ఇంకొకటి. ఆయన నమాజులో ఫాతిహా సూరా తప్పు లేకుండా చదువుతాడు. తస్బీహ్ లెక్క తప్పదు. "అల్లాహ్ మాటలు వస్తాయి, మా పేర్లు రావా? కావాలనే చేస్తున్నాడు. కోడలి మీద కోపం" అనుకున్నారు. కొన్నాళ్ళు ఇంట్లో అలుగులు, గొడవలు. తాయెత్తు కట్టించారు. చివరికి "ముసలితనం, ఏమి చేస్తాం" అని వదిలేశారు. ఆయన ఒక మూల కూర్చున్నాడు, ఇల్లు ఆయన చుట్టూ తిరిగిపోయింది.

ఇందులో ఎవరినీ తప్పుపట్టడం లేదు. మన ఇళ్ళలో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ వాళ్ళు అనుకున్న రెండు మాటలూ సరి కావు. కావాలని చేయడమూ కాదు, ఒట్టి ముసలితనమూ కాదు. ఎందుకు కాదో తెలియాలంటే మాట మెదడులో ఎలా ఉంటుందో కొంచెం చూడాలి.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గర ఒక రోగి ఉండేవాడు. ఏది అడిగినా "టాన్, టాన్" అనే ఒక్క శబ్దమే నోట వచ్చేది. ఎదుటివాళ్ళ మాట మాత్రం చాలావరకు అర్థమయ్యేది. అతను చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. 1874లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ డాక్టరు దీనికి తిరగబడ్డ రకాన్ని చెప్పాడు. ఈ రోగులు గడగడా మాట్లాడతారు. ఆ మాటల్లో అర్థం ఉండదు, ఎదుటివాళ్ళు చెప్పేదీ ఎక్కదు. వాళ్ళలో దెబ్బ తగిలింది ఎడమవైపు చెవి పైభాగంలో, కొంచెం వెనక. అంటే మాట పలకడం, మాట అర్థం చేసుకోవడం, పేరు గుర్తుకు తెచ్చుకోవడం ఒకే పని కాదు. ఒకటి పోయినా ఇంకొకటి నిలవవచ్చు.

చిన్నప్పటినుంచి వేలసార్లు పలికి నోటికి పట్టినవి ఇంకో తరగతి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం, వారాల పేర్లు, దుఆలు, సూరాలు. వీటిని ఒక్కొక్క మాటగా వెతికి తెచ్చుకోనక్కరలేదు. ఒకటి మొదలైతే మిగతావి వరసగా వస్తాయి. అందుకే పక్షవాతంతో మాట పోయినవాళ్ళలో, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళలో ఇవి చాలాకాలం నిలుస్తాయి. దర్జీ నోట ఫాతిహా రావడం, కోడలి పేరు రాకపోవడం అందువల్లనే. అందులో నటన లేదు. ఆ పెద్దమనిషి మీద వేసిన నింద అది. ఇలాంటి నింద మన మొహల్లాల్లో ఇంకా ఎందరు పెద్దల మీద ఉందో అల్లాహ్‌కే తెలుసు.

ఇప్పుడు మిషను సంగతికి వద్దాము.

మెదడు కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది సన్నని విద్యుత్తుతో. 1875లో లివర్‌పూల్‌లో రిచర్డ్ కేటన్ జంతువుల మెదడు మీద ఈ విద్యుత్తును కొలిచాడు. మనిషి తల మీద నుంచి మొదటిసారి నమోదు చేసింది జర్మనీలోని జేనా ఊరి మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో చేశాడు, 1929లో అచ్చువేశాడు. దాన్నే ఈఈజీ అంటారు. అప్పటికీ ఇప్పటికీ మూల సూత్రం అదే. ఇప్పుడు తల మీద లెక్క ప్రకారం ఇంచుమించు ఇరవై చోట్ల చిన్న చిన్న లోహపు బిళ్ళలు జిగురుతో అంటిస్తారు. వాటి తీగలు మిషనుకు కలుపుతారు. మిషను గీతలు గీస్తుంది.

ఇక్కడ ఒక భయం తీర్చాలి. మన ఊళ్ళలో ఈఈజీ అనగానే "తలకు కరెంటు పెడతారు" అని పెద్దలు, ముఖ్యంగా ఆడవాళ్ళు వెనక్కి తగ్గుతారు. షాకు వైద్యం వేరు, ఇది వేరు. ఇందులో కరెంటు లోపలికి పోదు. లోపలిది చదువుకుంటారు, అంతే. నాడి చూసినట్టు. అదెంత సన్నదో చూడండి. టార్చిలైటు సెల్లులో ఉండేది ఒకటిన్నర వోల్టు. తల మీద దొరికేది 50 మైక్రోవోల్టులు అనుకుంటే, అది ఆ సెల్లులో 30 వేల వంతు. నొప్పి ఉండదు, సూది ఉండదు. నూనె లేకుండా తలస్నానం చేసి పోవాలి. డాక్టరు చెబితే తప్ప రోజూ వేసుకునే మందులు ఆపకూడదు. పరదా పాటించే తల్లులకు విడి గది, ఆడ టెక్నీషియను కావాలని ముందే అడగవచ్చు. అడగడం తప్పు కాదు.

ఆ గీతల్లో డాక్టరు చూసేది ఏమిటి? మెలకువగా ఉండి కళ్ళు మూసుకున్న ఆరోగ్యవంతుడి తల వెనక భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు లేచిపడే అలలు కనిపిస్తాయి. ఆల్ఫా అలలు అంటారు. అల్జీమర్స్ జబ్బులో ఈ అలలు మెల్లగా నెమ్మదిస్తాయి. వేగంగా లేచేవి తగ్గి, మందంగా లేచేవి పెరుగుతాయి. కానీ అలలు నెమ్మదించడానికి వేరే కారణాలూ ఉంటాయి. కాలేయం, మూత్రపిండాల జబ్బు, కొన్ని మందులు, జ్వరంలో కలిగే అయోమయం. ఒక్కోసారి మతిమరుపులా కనిపించేది లోపల జరిగే మూర్ఛ కావచ్చు. దానికి మందుంది. అలాంటిది పట్టుకోవడానికి ఈఈజీ ఎంతో పనికొస్తుంది.

మాటకు సంబంధించిన అసలు విశేషం ఇంకొకటి ఉంది. 1980లో అమెరికాలోని శాన్ డియాగోలో మార్టా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ అనే శాస్త్రవేత్తలు ఈఈజీ పెట్టి వాక్యాలు చదివించారు. కొన్ని వాక్యాల చివర కుదరని మాట పెట్టారు. మన ఇంటి మాటలో చెప్పుకుందాము. "దాదీమా చాయ్‌లో చక్కెర వేసింది" అంటే వినేవాడికి ఏమీ కాదు. "దాదీమా చాయ్‌లో చెప్పులు వేసింది" అన్నామనుకోండి. ఇక్కడ కూర్చున్న మీరంతా ఇప్పుడు నవ్వారు. నవ్వు రాకముందే, "చెప్పులు" అనే మాట పడిన 400 మిల్లీసెకన్ల దగ్గర, అంటే అర సెకను కూడా కాకముందే మీ మెదడులో ఒక అల లేచింది. "ఈ మాట ఇక్కడిది కాదే" అన్నట్టుగా. దానికి ఎన్400 అని పేరు. కుదిరే మాటకు ఆ అల చిన్నగా ఉంటుంది, కుదరని మాటకు పెద్దగా లేస్తుంది.

దీని విలువ ఎక్కడ? వినేవాడు నోరు విప్పనక్కరలేదు. చెయ్యి ఎత్తనక్కరలేదు. వింటే చాలు. రెండు రకాల మాటలకు మెదడు తేడా చూపిందంటే అర్థం లోపలికి చేరుతున్నదని తెలుస్తుంది. బయటికి చెప్పే దారి మూసుకుపోయినా లోపలికి వచ్చే దారి తెరిచే ఉండవచ్చు. మాట అర్థం చేసుకోవడం బాగా దెబ్బతిన్న రోగుల్లో ఈ తేడా తగ్గిపోతుంది లేదా ఆలస్యంగా వస్తుంది. అల్జీమర్స్‌లో కూడా అలాగే తగ్గుతుందని ఎన్నో పరిశోధనలు చూపించాయి. ఇంకొక సంగతి కూడా చూశారు. ఒకే మాటను రెండోసారి వినిపిస్తే ఆరోగ్యవంతుడి మెదడులో ఆ అల తగ్గుతుంది, తెలిసిన మాటే కాబట్టి. మతిమరుపు మొదలవుతున్నవాళ్ళలో ఆ తగ్గుదల సరిగా ఉండదు. మెదడు ఆ మాటను కొత్తగా విన్నట్టే వింటుంది. ముందు ముందు ఎవరికి జబ్బు ముదురుతుందో ఈ గుర్తుతో తెలుసుకోగలమా అని శాస్త్రవేత్తలు చూస్తున్నారు.

వినడానికి ఎంత బాగుంది! అయితే దాతల ముందు పూర్తి నిజం చెప్పాలి. ఈ అల చాలా చిన్నది. మెదడులో జరిగే మిగతా పనుల రొదలో మునిగిపోతుంది. సంతలో నిలబడి దూరాన ఒకరు కొట్టే సన్నని గంట వినాలంటే ఎంత కష్టమో అంత కష్టం. అందుకని పదుల కొద్దీ వాక్యాలు వినిపించి, అన్నిటి గీతలూ కలిపి సరాసరి తీస్తారు. రొద కొట్టుకుపోయి గంట మిగులుతుంది. అంతసేపు రోగి కదలకుండా, నిద్రపోకుండా కూర్చోవాలి. పైగా చాలామందిని కలిపి చూసినప్పుడు తేడా స్పష్టంగా కనిపిస్తుంది కానీ ఒక్క మనిషి గీత చూసి "ఈయనకు ఫలానా జబ్బు" అని తేల్చడం కష్టం. అందుకే ఎన్400 ప్రధానంగా పరిశోధనశాలల్లో వాడే కొలత. ఆసుపత్రిలో రోజూ రాసే పరీక్ష కాదు. మామూలు ఈఈజీ కూడా ఒంటరిగా డిమెన్షియాను తేల్చదు. రోగి కథ వినడం, జ్ఞాపకం, మాట పరీక్షలు, రక్త పరీక్షలు, స్కానింగు, వాటితోపాటు ఈఈజీ. అన్నీ కలిపి చదవగల డాక్టరు కావాలి. చదివేవాడు లేని మిషను గదిలో బట్ట కప్పుకొని కూర్చుంటుంది. మేము మిషను వద్దనడానికి మొదటి కారణం ఇది.

రెండో కారణం మన భాష. ఈ పరీక్షలు పుట్టింది ఇంగ్లీషులో, చదువుకున్నవాళ్ళ మధ్య, తెర మీద ఒక్కొక్క మాట చూపిస్తూ. మన పెద్దల్లో చాలామందికి చదువు రాదు. చెవితో వినిపించాలి. చెవితో వినిపించాలంటే ముందు చెవి వినిపిస్తున్నదో లేదో చూడాలి. ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట తిప్పితే పనికిరాదు. తెలుగులో, ఉర్దూలో క్రియ చివర వస్తుంది కాబట్టి వినేవాడు ఎదురుచూసే తీరే వేరు. మన దక్కనీ లక్నో ఉర్దూ కాదు. మన నారాయణపేట తెలుగు విజయవాడ తెలుగు కాదు. వినేవాడి నోట ఆడే మాట కాకపోతే మెదడు "కుదరలేదు" అని చెప్పేది జబ్బు వల్ల కాదు, మాట పరాయిది కావడం వల్ల.

ఆ దర్జీకి సరిగ్గా ఇదే జరిగింది. మొదట చూపించినచోట తెలుగులో మాత్రమే అడిగారు. బొమ్మలు చూపి పేర్లు చెప్పమన్నారు. ఆయన సగం చెప్పలేదు. మార్కులు బాగా తక్కువ వచ్చాయి. రెండోసారి వేరే పెద్దాసుపత్రిలో, పక్కన కూర్చున్న కోడలు "అబ్బా, యే క్యా హై?" అని దక్కనీలో అడిగింది. కొన్ని చెప్పాడు. కత్తెర బొమ్మ దగ్గర ఆగి, చాలాసేపు చూసి, "కత్తరి" అన్నాడు. కన్నడ మాట! యాద్గిర్ గిరాకీల మాట. దక్కనీ గదికి తాళం పడితే కన్నడ గది తలుపు తెరుచుకుంది. డాక్టరుగారు పెన్ను కింద పెట్టి, "ఏ భాషలో చెప్పినా రాసుకుంటాను, అడగండమ్మా" అన్నారు.

ఎక్కువ భాషలు మాట్లాడేవారి మెదడు సంగతిపై మన హైదరాబాదులో కూడా పరిశీలన జరిగింది. పంజాగుట్టలోని నిజామ్స్ ఆసుపత్రి మెమరీ క్లినిక్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో న్యూరాలజీ అనే వైద్య పత్రికలో ఫలితాలు ప్రకటించింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వారికి జబ్బు సరాసరి 61.1 ఏళ్ళకు మొదలైతే, వీరికి 65.6 ఏళ్ళకు మొదలైంది. అంటే నాలుగున్నరేళ్ళు ఆలస్యం. బడి ముఖం చూడనివారిలో కూడా ఈ తేడా కనిపించింది. అంటే ఇది చదువు వల్ల వచ్చిందే అని కొట్టిపారేయడానికి లేదు. రెండు భాషల పైన మూడోది, నాలుగోది వస్తే మేలు ఇంకా పెరిగినట్టు మాత్రం కనిపించలేదు.

అదే బృందం 2016లో స్ట్రోక్ పత్రికలో పక్షవాతం వచ్చిన 608 మంది గురించి రాసింది. పక్షవాతం తర్వాత కూడా ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు ఒకే భాష వారిలో నూటికి 19.6 మంది, ఎక్కువ భాషల వారిలో 40.5 మంది. కానీ పక్షవాతం వల్ల మాట పోవడంలో మాత్రం రెండు వర్గాలకూ పెద్ద తేడా లేదు. ఈ రెండో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. భాషలు ఎక్కువ వస్తే జబ్బు రాదని ఎవరూ అనలేదు. ఇతర దేశాల్లో చేసిన కొన్ని పరిశీలనల్లో ఇంత తేడా కనిపించలేదు కూడా. కానీ దక్కనీ, తెలుగు, కన్నడ కలిసి ఒకే నోట ఆడే మన పాలమూరు సరిహద్దు ప్రజలకు ఇది ఎంతో దగ్గరి సంగతి. మన పిల్లలకు ఇంటి భాష ఎందుకని విసుక్కునే తల్లిదండ్రులు ఈ మాట వినాలి.

తెలుగులో పరీక్షలు లేవని కూడా అనుకోవద్దు. జ్ఞాపకశక్తి, మాట పరీక్షలను భారతీయ వైద్య పరిశోధన మండలి తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళ భాషల్లో తయారు చేయించింది. చదువు రానివారికి తగినట్టు కూడా ఉన్నాయి. కాబట్టి పోయేటప్పుడు "మా పెద్దాయన ఇంటి భాష ఇది" అని మొదటే చెప్పాలి. ఆ భాష వచ్చిన మనిషి వెంట ఉండాలి.

ఇప్పుడు దీనీ సంగతి ఒకటి. "ముసలితనానికి మందు లేదని హదీసులోనే ఉంది కదా" అని కొందరు మాతో అన్నారు. నిజమే. వైద్యం చేయించుకోమని, అల్లాహ్ ప్రతి జబ్బుకూ మందు పుట్టించాడని, ముసలితనం ఒక్కటే మినహాయింపు అని ప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. కానీ వయసు వేరు, జబ్బు వేరు. డిమెన్షియా వయసుతో ఎక్కువగా వచ్చే జబ్బు. వయసు మళ్ళినవారందరికీ వచ్చేది కాదు. 2023లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవారిలో నూటికి 7.4 మందికి, మొత్తం 88 లక్షల మందికి ఉంది. అంటే మిగతా 92 మందికి పైగా లేదు. మినహాయింపును జబ్బు మీదికి లాగి పెద్దలను మూలన కూర్చోబెట్టడం ఆ బోధనకు విరుద్ధం. ఎంతో తెలిసిన మనిషి ఏమీ తెలియని స్థితికి చేరే వయసు గురించి నహ్ల్ సూరాలోనూ, హజ్ సూరాలోనూ ప్రస్తావన ఉంది. బనీ ఇస్రాయీల్ సూరాలో ముసలి తల్లిదండ్రుల ముందు విసుగు కూడా చూపవద్దన్న ఆజ్ఞ ఉంది. అడిగిందే అడిగే తండ్రి ముందు, పేరు మరిచిన తల్లి ముందు విసుక్కోకుండా ఉండటమే ఆ ఆజ్ఞకు అసలు పరీక్ష అని మాకు అనిపిస్తుంది.

పైగా మతిమరుపులా కనిపించే వాటిలో కొన్ని నయమయ్యేవి. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ తగ్గడం, దిగులు జబ్బు, తలకు దెబ్బ తగిలి పుర్రె కింద రక్తం గడ్డకట్టడం, ఇందాక చెప్పిన మూర్ఛ. రక్త పరీక్ష, స్కానింగు చేయిస్తే తెలుస్తాయి. రాకుండా చూసుకోగలిగేవీ ఉన్నాయి. లాన్సెట్ పత్రిక వేసిన నిపుణుల సంఘం 2024లో 14 కారణాలు చెప్పింది. అన్నిటినీ సరిదిద్దగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చని లెక్కగట్టింది. ఆ 14లో బీపీ, షుగరు, పొగ, తల దెబ్బలు, చదువు లేకపోవడం, ఒంటరితనం ఉన్నాయి. చెవుడు కూడా ఉంది. చెవి మిషను పెట్టుకోవడానికి సిగ్గుపడే మన పెద్దలకు ఈ మాట చేరాలి.

ఇక మీ ప్రశ్నకు మా జవాబు. ఈఈజీ మిషను కొనవద్దని ఆరోగ్య కమిటీ సిఫారసు చేస్తున్నది. గోడ మీద దాత పేరుతో ఫలకం పెట్టుకోవడానికి మిషను బాగుంటుంది. మూలన కూర్చున్న పెద్దాయనకు కావలసింది మాత్రం అది కాదు. ఆ డబ్బుతో మూడు పనులు చేయాలని అడుగుతున్నాము.

మొదటిది, ప్రయాణం. ఇక్కడి నుంచి హైదరాబాదు పెద్దాసుపత్రికి మతి తప్పిన మనిషిని తీసుకుపోవడం అంటే తోడు ఇద్దరు, ఒక రోజు కూలి పోగొట్టుకోవడం, రాత్రి ఉండటానికి చోటు. ఒక్కసారితో అయ్యేదీ కాదు. చాలా ఇళ్ళలో వైద్యం ఆగేది ఇక్కడే. పరీక్ష ఉచితమైనా బండి ఖర్చు ఉచితం కాదు. బండి, బస, తోడుగా మన భాష వచ్చిన ఒక కార్యకర్త, ఇది సొసైటీ చూసుకోవాలి.

రెండోది, చెవి, కన్ను, బీపీ, షుగరు. 60 దాటిన ప్రతి ఒక్కరికీ ఏడాదికి ఒకసారి పరీక్ష, అవసరమైన పేదలకు చెవి మిషను, కళ్ళద్దాలు.

మూడోది, మాట నేర్పే వైద్యం. పక్షవాతంతో మాట పోయినవారికి స్పీచ్ థెరపీ వారాల తరబడి చేయించాలి. నిపుణుడు నేర్పిన అభ్యాసాన్ని ఇంట్లో రోజూ చేయించడానికి మొహల్లాకు ఇద్దరు ఆడపిల్లలకు, ఇద్దరు యువకులకు శిక్షణ ఇప్పిద్దాము.

డబ్బు ఏ ఖాతా నుంచి అన్న సంగతి కూడా తేటగా ఉండాలి. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాడి చేతికి సొంతంగా చేరాలి. దాన్నే తమ్లీక్ అంటారు. కాబట్టి పేద రోగికి మందులకు, ప్రయాణానికి ఇచ్చే డబ్బు, అతని సొంతమయ్యే చెవి మిషను జకాత్ నుంచి ఇవ్వవచ్చు. శిబిరాల నిర్వహణ, కార్యకర్తల శిక్షణ, గదులు, ఫర్నిచరు మాత్రం సదకా, అతియ్యాల నుంచే పెట్టాలి. జకాత్‌తో మిషను కొని సొసైటీ గదిలో పెడితే ఆ షరతు తీరదు. అనుమానం ఉన్నచోట ఉలమాను అడిగే ఖర్చు పెడతాము. సదకా సహాయం మతం చూడదు. మన వీధి చివర మగ్గం నేసే కుటుంబంలోని పెద్దమ్మకు కూడా ఇదే బండి, ఇదే తోడు.

డబ్బు లేకుండా మీరు ఈ రోజే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మాట హఠాత్తుగా పోయినా, మూతి ఒకవైపు వాలినా, చెయ్యి పడిపోయినా అది పక్షవాతం. తాయెత్తుకు, పసరుకు సమయం లేదు. వెంటనే 108. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూది మామూలుగా నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. మాట నెలల తరబడి మెల్లగా తగ్గితే, తెలిసిన వస్తువు పేరు పదే పదే మరిచిపోతుంటే, దారి తప్పుతుంటే డాక్టరుకు చూపించండి. వయోవృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉంది. ఇంట్లో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చోండి. టీవీ ఆపండి. చిన్న వాక్యం చెప్పి ఆగండి. జవాబుకు సమయం ఇవ్వండి. "నా పేరేమిటి చెప్పు" అని పరీక్ష పెట్టకండి. "అబ్బా, నేను నీ చిన్నకొడుకును" అని మీరే చెప్పండి. ఇంకొకటి. ఆయన ముందు ఆయన గురించి "ఈయనకు ఏమీ తెలియదు" అనకండి. జవాబు రాలేదంటే వినలేదని కాదు. కొలతలు మనకు నేర్పిన పెద్ద పాఠం అదే.

ఆ దర్జీకి ఏమైందని అడుగుతారు. అల్జీమర్స్ తొలి దశ అని తేలింది. దానికి తోడు రెండు చెవులూ సగం వినిపించడం లేదని తేలింది. ఈఈజీ తీశారు, మూర్ఛ లేదని చెప్పారు. జబ్బు పోయేది కాదు, మెల్లగా ముదురుతుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు దాచలేదు. కానీ చెవి మిషను పెట్టాక ఇంట్లో మాటలు ఆయనకు చేరుతున్నాయి. మందులు వాడుతున్నారు. కావాలని చేయడం లేదని తెలిశాక ఇంట్లో కోపం పోయింది. మనవడు ఇప్పుడు రోజూ సాయంత్రం పక్కన కూర్చుని గుడ్డముక్కలు ఇస్తాడు, ఆయన కోస్తాడు. కత్తెర కావాలంటే ఒక రోజు కైంచీ అంటాడు, ఒక రోజు కత్తరి అంటాడు, ఒక రోజు చెయ్యి చాపుతాడు. మనవడు మూడింటికీ కత్తెర ఇస్తాడు.

మన పట్టణంలో, చుట్టూ ఉన్న మక్తల్, కోస్గి, దామరగిద్ద, ఊట్కూరు మండలాల్లో ఇలా చెయ్యి చాపి కూర్చున్న పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గరికి చేరడానికే మీ సహాయం అడుగుతున్నాము. అల్లాహ్ మన తల్లిదండ్రులకు ఆరోగ్యాన్ని, మనకు సహనాన్ని, దాతల సంపాదనలో బరకత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.